మా రోజుల్లో ఒక ఎత్తుకి రెండు వారాలు

నిన్న సాయంత్రం మా మనవడు ఫోన్లో చదరంగం చూస్తున్నాడు. ఆడుతున్నాడేమోనని దగ్గరికెళ్ళాను. ఎక్కడో ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు ఆడుకుంటున్నారు, బోర్డు పక్కన, కంప్యూటరు లెక్కలో ఎవరిది పైచేయో చూపిస్తూ, థర్మామీటర్ లాంటి నిలువు పట్టీ ఒకటి పైకీ కిందికీ పోతోంది. వాడి కళ్ళు బోర్డు మీద లేవు, ఆ పట్టీ మీదే ఉన్నాయి. "తెల్లపావుల వాడి పని అయిపోయింది తాతయ్యా" అన్నాడు. ఎందుకురా అని అడిగాను. "పట్టీ పడిపోయిందిగా" అన్నాడు. ఏ ఎత్తు తప్పు, ఎందుకు తప్పు, దాని బదులు ఏం వేసుంటే నిలబడేవాడు అని అడిగితే నా వంక ఎగాదిగా చూసి ఇంకో ఆటకి వెళ్ళిపోయాడు. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ఆ కోపంలోనే ఇది రాస్తున్నాను.

ఇది చదువుతున్న నాయనా, రెజ్జో ఎమీలియా అనే పేరు ఎప్పుడైనా విన్నావా? ఉత్తర ఇటలీలో ఓ మోస్తరు ఊరు. వాళ్ళ మూడు రంగుల జెండా 1797లో పుట్టింది అక్కడే. పర్మిజానో అనే గట్టి చీజ్‌కి ఆ ఊరి పేరు కూడా తగిలిస్తారు. మాకు మాత్రం ఆ ఊరంటే చదరంగమే. ఎన్రికో పావొలీ అనే ఆటగాడు 1958లో అక్కడ కొత్త సంవత్సరం టోర్నమెంటు మొదలుపెట్టాడు. ప్రపంచం టపాకాయలు కాల్చుకునే రాత్రుల్లో అక్కడ కొందరు తలలు పట్టుకుని బోర్డుల ముందు కూర్చునేవాళ్ళు. 1991 డిసెంబరు చివర్లో మొదలై 1992 జనవరి మొదటి వారంలో ముగిసిన టోర్నమెంటు ముప్ఫై నాలుగోది. పదిమంది ఆటగాళ్ళు, ఒక్కొక్కరికి తొమ్మిది ఆటలు. పాల్గొన్నవాళ్ళ రేటింగుల సగటును బట్టి టోర్నమెంట్లకు కేటగిరీ ఇస్తారు కదా, 18వ కేటగిరీ అందుకున్న మొదటి టోర్నమెంటు అదే. అంతకు ముందు అంత బలమైన పోటీ ప్రపంచంలో ఎక్కడా జరగలేదన్న మాట.

ఆ పదిమందిలో తొమ్మిదిమంది సోవియట్ బడిలో ఆట నేర్చినవాళ్ళు. కాస్పరోవ్, కార్పోవ్, ఇవాంచుక్, గెల్ఫాండ్, ఖలీఫ్‌మన్, బెలియావ్‌స్కీ... చదువుతుంటేనే గొంతు తడారిపోయే పేర్లు. పదోవాడు మద్రాసు కుర్రాడు, విశ్వనాథన్ ఆనంద్. డిసెంబరు 11న ఇరవై రెండేళ్ళు నిండాయి. ఇంకో సంగతి చెప్తాను, దీన్ని మీ స్కూల్లో చరిత్ర పాఠంగా చెప్తారు కానీ చదరంగంతో కలిపి చెప్పరు. ఆ డిసెంబరు 25 రాత్రే మాస్కోలో క్రెమ్లిన్ మీంచి ఎర్రజెండా దించేశారు. ఒకే దేశం పేరు చెప్పుకుని పెరిగిన ఆ తొమ్మిదిమందీ టోర్నమెంటు అయ్యేసరికి ఎవరి దేశం ఏదో వెతుక్కోవాల్సిన స్థితిలో పడ్డారు. బాకూలో పుట్టినవాడొకడు, మిన్‌స్క్‌లో పుట్టినవాడొకడు, లెనిన్‌గ్రాడ్ వాడి ఊరికైతే అప్పటికే పేరు మారిపోయింది. అలాంటి రోజుల్లో, అలాంటి వాళ్ళ మధ్య, మనవాడు ఆరు పాయింట్లతో ఒంటరిగా మొదటి స్థానంలో నిలిచాడు. కాస్పరోవ్, గెల్ఫాండ్ అర పాయింటు వెనక ఆగిపోయారు. పైగా ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ని ఆనంద్ ఓడించాడు, అదీ నల్లపావులతో.

ఈ వార్త నాకు ఎలా తెలిసిందనుకున్నావు? ధనుర్మాసం రోజులు. గుంటూరు బ్రాడీపేటలో పొద్దున్నే ముగ్గులు తొక్కకుండా వీధి దాటడమే ఒక పని. పేపరు కుర్రాడి సైకిలు బెల్లు కోసం అరుగు మీద శాలువా కప్పుకుని కూర్చునేవాణ్ణి. ఆటల పేజీ నిండా క్రికెట్టే. అడుగున ఓ మూల, అగ్గిపెట్టెంత జాగాలో, ఇటలీ నుంచి రెండు ముక్కలు. ఒక్కోరోజు అవీ ఉండేవి కావు. ఎవడు గెలిచాడో తెలియక రోజంతా ఆఫీసులో ఫైళ్ళు తిరగేస్తూ మనసులో పావులు కదిపేవాణ్ణి. నీకిప్పుడు ఎత్తు పడీ పడకముందే చేతిలో మోగుతుంది. మాకు ఆట అయిన మూడో రోజున తెలిసేది. ఆ మూడు రోజులూ ఆట మాలో జరుగుతూనే ఉండేది.

కాస్పరోవ్ మీద గెలిచిన ఆట ఎత్తులు తర్వాత ఒక పేపర్లో వేశారు. కత్తిరించి జేబులో పెట్టుకుని సాయంత్రం మేం ముగ్గురం కలిసే చోటికి పరిగెత్తాను. ఒకాయన రైల్వేలో గుమాస్తా, ఇంకొకాయనది సెలూను. సెలూను కట్టేశాక ఆ బెంచీ మీదే మా బోర్డు. నల్లబంటు ఒకటి ఎప్పుడో పోతే దాని బదులు ఇంకు సీసా మూత పెట్టేవాళ్ళం, అది కూడా ఏళ్ళ తరబడి నిజాయితీగా పనిచేసింది. తెల్లబంటు ఈ4, నల్లబంటు ఈ6, ఫ్రెంచి డిఫెన్సు. డి4, డి5, తెల్లగుర్రం డి2కి. ఒకరు చదవడం, ఒకరు కదపడం, ఒకరు తిట్టడం. బాగానే సాగింది. ఇరవై ఎత్తులు దాటాక ఒకచోట ఆగిపోయాం. గుర్రం పోలేని గడికి గుర్రాన్ని పొమ్మంటోంది పేపరు. అచ్చుతప్పు.

మొదట ఆ పేపరువాళ్ళని నానా మాటలూ అన్నాం. తర్వాత చేసేదేం లేక కూర్చుని ఆలోచించాం. ఆ గుర్రం అక్కణ్ణుంచి ఎక్కడెక్కడికి పోగలదు? పోతే తర్వాత అచ్చయిన ఎత్తులు కుదురుతాయా? రైల్వే ఆయన ఒక గడి అన్నాడు, సెలూను ఆయన అసలది గుర్రమే కాదు, శకటు అయ్యుంటుంది, అక్షరమే తప్పు పడిందన్నాడు. నాది మూడో దారి. మూడు సాయంత్రాలు వాదించుకున్నాం. మద్రాసులో ఉన్న ఒక స్నేహితుడికి ఇన్‌లాండ్ ఉత్తరం రాశాను, ఇంకో పేపరు కత్తిరింపు ఏదైనా ఉంటే పంపమని. రెండు వారాలకి జవాబొచ్చింది. సెలూను ఆయన చెప్పిందే నిజం, అది శకటే. నేను ఓడిపోయాను. అయితే ఆ రెండు వారాల్లో నా దారి ఎందుకు తప్పో, రైల్వే ఆయన దారి ఎందుకు తప్పో నాకు పూర్తిగా తెలిసిపోయింది. కాస్పరోవ్ అక్కడ ఎందుకు ఇబ్బంది పడ్డాడో కూడా తెలిసింది. ఇప్పటికీ ఆ గళ్ళు కళ్ళు మూసుకుంటే కనిపిస్తాయి. ఈ మధ్య మనవడు అదే ఆటని ఫోన్లో పెట్టి పావు నిమిషంలో అంతా చూసేసి, మర్నాడు అడిగితే ఏ ఓపెనింగో కూడా చెప్పలేకపోయాడు.

మా తాతగారి రోజులైతే ఇంకా నిదానం. అరుగు మీద ఆడే నాటు చదరంగంలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక గడే కదిలేది, రెండు గళ్ళు దూకడం తెల్లవాళ్ళ పద్ధతి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలైన ఆట దీపాలు పెట్టే వేళకి కూడా తేలేది కాదు. లేవాల్సొస్తే తాతగారు బోర్డు మీద వెదురుగంప బోర్లించేవారు. పిల్లలెవరైనా ఆ గంప ముట్టుకున్నారో, వీపు విమానం మోతే. పొద్దున గంప తీసి, కాసేపు చూసి, ఎత్తు వేసేవారు. రాత్రంతా మంచం మీద అదే ఆలోచించి ఉంటారు మరి.

పెద్ద టోర్నమెంట్లలోనూ ఇలాంటి పద్ధతే ఉండేది. ఐదారు గంటలు ఆడాక తేలకపోతే ఆట వాయిదా. ఎత్తు వేయాల్సినవాడు దాన్ని బోర్డు మీద వేయకుండా కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, అంటించి న్యాయనిర్ణేత చేతికిచ్చేవాడు. అవతలివాడికి ఆ రాత్రి నిద్ర ఉండదు, ఆ కవర్లో ఏముందో అని. మర్నాడు కవరు చింపాక ఆట మళ్ళీ మొదలు. కంప్యూటర్లు బలపడ్డాక 1990లలో ఆ పద్ధతి పోయింది. రాత్రి యంత్రాన్ని అడిగి పొద్దున్న వచ్చి ఆడితే ఇక ఆటేముంది? 1997 మే నెలలో న్యూయార్క్‌లో డీప్ బ్లూ అనే కంప్యూటరు కాస్పరోవ్‌నే ఓడించింది. అప్పుడు సెలూను ఆయన రెండు రోజులు బోర్డు తెరవలేదు. నాకూ చేతులు రాలేదు.

ఇదంతా చెప్తే మనవడు ఒక మాటన్నాడు. "తాతయ్యా, ఆ రోజుల్లో ఆనందే అందరికన్నా వేగంగా ఆడేవాడట కదా, అవతలివాళ్ళు రెండు గంటలు తీసుకుంటే తను అరగంటలో ముగించేసేవాడట?" నిజమే. కాదనను. ఆ కుర్రాడి వేగం చూసే ప్రపంచం హడలిపోయింది. కానీ ఆ వేగం ఎక్కణ్ణుంచి వచ్చిందో విను. చిన్నప్పుడు నాన్న ఉద్యోగం మీద వాళ్ళు మనీలాలో ఉన్నారు. అక్కడి టీవీలో చదరంగం కార్యక్రమం వచ్చేది, అందులో రోజుకో చిక్కుముడి. పిల్లాడు బళ్ళో ఉంటాడు కదా, అమ్మ ఆ ముడి రాసిపెట్టేది. సాయంత్రం ఇద్దరూ కూర్చుని విప్పి జవాబు పంపేవాళ్ళు. బహుమతి ఒక పుస్తకం. పిల్లాడు ఎన్నిసార్లు గెలిచాడంటే చివరికి వాళ్ళు, నీకు కావలసిన పుస్తకాలన్నీ తీసుకుపో, ఇక జవాబులు మాత్రం పంపకు అన్నారట. మద్రాసులో సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో ఒకప్పటి ప్రపంచ చాంపియన్ తాల్ పేరు మీద ఉన్న చెస్ క్లబ్బులో ఆడి ఆడి పెరిగాడు. అమ్మ పక్కన కూర్చుని అన్ని చిక్కుముడులు నిదానంగా విప్పినవాడు కాబట్టే తర్వాత అంత తొందరగా ఆడగలిగాడు. నువ్వు మొదటి మెట్టు వదిలేసి మేడ మీదకి దూకుతానంటున్నావు.

ఉన్న మాట చెప్పుకోవాలి. 1988లో మన దేశానికి ఒకే ఒక్క గ్రాండ్‌మాస్టర్, ఆనంద్. ఇప్పుడు ఎనభై మంది దాటారు. మా గుంటూరు నుంచే పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక వచ్చారు. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది, 2019లోనూ 2024లోనూ మహిళల ర్యాపిడ్ చెస్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. అది వేగం ఆటే, అయినా ఆ రోజున నేను ఇంట్లో అందరికీ మిఠాయి పంచాను. వరంగల్లు కుర్రాడు ఎరిగైసి అర్జున్ 2800 రేటింగు అందుకున్నాడు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో జట్ల బంగారు పతకాలు రెండూ మనవే. మా ముగ్గురినీ ఆ సెలూను బెంచీతో సహా ఈ పిల్లలు ఇరవై ఎత్తుల్లో చుట్టేస్తారు. మేం గొప్ప ఆటగాళ్ళం కాము, ఎప్పుడూ కాము. మేం ఆటని ప్రేమించినవాళ్ళం, అంతే.

అయినా నా మాట వెనక్కి తీసుకోను. దొమ్మరాజు గుకేశ్ సంగతే చూడు. చెన్నైలో పెరిగిన తెలుగింటి పిల్లాడు, పద్దెనిమిదేళ్ళకే ప్రపంచ చాంపియన్. వాడి గురువు విష్ణు ప్రసన్న వాణ్ణి చాలాకాలం ఇంజిన్ దగ్గరికే, అంటే ఎత్తులు లెక్కగట్టి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాము దగ్గరికే, పోనివ్వలేదు. గ్రాండ్‌మాస్టర్ స్థాయికి వచ్చేదాకా ఆ పిల్లాడు తన బుర్రతోనే లెక్క కట్టుకున్నాడు. ఈ కాలంలో అందరికన్నా చిన్నవయసులో అంత ఎత్తుకెళ్ళినవాడు మా పాత పద్ధతిలోనే కదా పెరిగింది! మనవడికి ఈ సంగతి చెప్తే కాస్త ఆలోచనలో పడ్డాడు. ఫోను బోర్లా పెట్టాడు. ఐదు నిమిషాలే, కానీ పెట్టాడు.

నీకు కూడా ఒకటే చెప్తాను నాయనా. ఈ ఆదివారం ఫోను పక్కగదిలో పెట్టేయి. అటక మీద బోర్డు ఉంటే దించు, లేకపోతే ఒకటి కొనుక్కో, పెద్ద ఖర్చేం కాదు. రెజ్జో ఎమీలియాలో కాస్పరోవ్ మీద ఆనంద్ ఆడిన ఆట ఎత్తులు ఒక కాగితం మీద రాసుకో. నల్లపావుల వైపు కూర్చుని, ప్రతి ఎత్తుకీ ముందు కాగితాన్ని చేత్తో కప్పేసి, ఇక్కడ నువ్వైతే ఏం వేస్తావో రాయి, ఎందుకో కూడా రాయి. తర్వాతే చెయ్యి తీసి చూడు. ఒక పూటలో అవకపోతే మీ ఇంట్లో గంప ఉంటే బోర్లించి పడుకో. పొద్దున లేచి మళ్ళీ కూర్చో.