సెల్లార్లో సర్వసభ్య సమావేశం

మా అపార్ట్‌మెంట్ పేరులో ‘లేక్’ ఉంది. హైదరాబాద్‌లో ఆ మాట ఉన్న ఇంటికి రేటెక్కువ. బాల్కనీలోంచి చెరువు కనిపిస్తుందంటే చదరపు అడుగుకు ఇంతని అదనంగా కట్టి మరీ కొన్నాం. మొన్న రాత్రి వానకు ఆ చెరువే సెల్లార్లోకి నడిచొచ్చింది. ఇన్నేళ్లుగా చూడ్డానికి డబ్బులు కట్టింది మేము. చూసిపోవడానికి వచ్చింది మాత్రం అది.

పొద్దున్నే మెట్ల మీద అత్యవసర సమావేశం. కింది మెట్టు దాకా నీళ్లు, పై మెట్టు మీద అధ్యక్షుల వారు. ఎజెండా ఒకటే: ఈ నీళ్లు పంపిందెవరు? పై కాలనీ వాళ్లేనని కోశాధికారి గారు తేల్చేశారు. విచారిస్తే పై కాలనీ వాట్సాప్ గ్రూపులో, వాళ్ల ఎగువనున్న గేటెడ్ కమ్యూనిటీ మీద అప్పటికే తీర్మానం అయిపోయింది. ఆ కమ్యూనిటీ గుట్ట మీద ఉంది. వాళ్లకు ఎగువన ఆకాశం తప్ప ఎవరూ లేరు కాబట్టి పాపం వాతావరణ శాఖతో సరిపెట్టుకున్నారు.

మూడో అంతస్తులో రిటైరైన ఇరిగేషన్ ఇంజనీరు గారొకరున్నారు. “మనమూ వాళ్లూ అంతా ఒకే వాటర్‌షెడ్ అండీ” అన్నారాయన. “షెడ్డుకి ఎంతవుతుంది? రేకులా, స్లాబా?” అన్నారు కోశాధికారి.

ఇంజనీరు గారు నొచ్చుకోలేదు. షెడ్డే అనుకోమన్నారు. పెంకుటింట్లో కొప్పుకు ఇవతల పడ్డ చినుకు వాకిట్లోకి, అవతల పడ్డది పెరట్లోకి జారుతుంది కదా, నేలకూ అలాంటి కొప్పులే ఉంటాయట; కొప్పుకు ఒకే వైపు జారే నేలంతా ఒక వాటర్‌షెడ్డట. మన నగరం ఆ కొప్పుకు అటూ ఇటూ కాళ్లు చాపుకుని కూర్చుంది. పటాన్‌చెరులో పడ్డ వాన నక్కవాగు పట్టుకుని మంజీరలోకి, అక్కణ్నుంచి గోదావరికి. మెహదీపట్నంలో పడ్డది మూసీ మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణకు. ఆ నదుల్లో రాష్ట్రాల వాటాలు తేల్చడానికి మనం 1969లో బచావత్ గారి ట్రిబ్యునల్ వేసుకున్నాం, ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతున్నాం. గుట్ట మాత్రం వకీలు లేకుండా చినుకు చినుకుకీ అక్కడికక్కడే తీర్పు చెప్పి పంపేస్తోంది.

తర్వాత ఆయన ఒక లెక్క చెప్పారు. అది విన్నాకే మా కోశాధికారి మొహంలో రంగు మారింది. ఒక ఎకరం మీద ఆ రాత్రిలా పది సెంటీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 80. మాది రెండెకరాలు. ఒక్క రాత్రిలో 160 ట్యాంకర్లు ఊరికే దిగాయన్నమాట! మే నెలలో ఒక్క ట్యాంకరు కోసం బి బ్లాకూ సి బ్లాకూ మాట్లాడుకోవడం మానేశాయి. పార్కింగులో తడవగానే బురదై జారుతోందని, ఉన్న కాస్త మట్టినీ సిమెంటుతో కప్పించిందీ, దోమలొస్తున్నాయని ఇంకుడు గుంతలు పూడ్పించిందీ మా కమిటీయే. రెండుసార్లూ చప్పట్లు కొట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. మట్టి మీద నడిచే నీళ్లు సిమెంటు మీద పరిగెత్తుతాయని చప్పట్లు కొట్టేటప్పుడు తోచదు.

పాతకాలం వాళ్లకు తోచింది. చెరువు కింద చెరువు కట్టి, పైదాని మత్తడి, అంటే అలుగు, దూకితే కిందిది నిండేలా గొలుసు వేశారు. 1908 సెప్టెంబరులో మూసీ వేల ప్రాణాలు తీసుకుపోయాక విశ్వేశ్వరయ్య గారిని పిలిపిస్తే, వరదను ఊరి బయటే ఆపండన్నారు. అలా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. వాటి చుట్టుపక్కల 84 గ్రామాల్లో ఎడాపెడా కట్టొద్దని 1996లో 111 జీవో వచ్చింది. 2022లో ఆ ఆంక్షలు తీసేస్తున్నామన్నారు. నగరానికి ఆ నీళ్లు ఇప్పుడు పెద్దగా అక్కర్లేదన్నది చెప్పిన కారణం. పాల ప్యాకెట్లు ఇంటికే వస్తున్నాయి కదా, ఇక పాలు తెచ్చిపెట్టే వాచ్‌మన్ ఎందుకన్నట్టు! అతను గేటు కూడా కాస్తాడన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

వాచ్‌మన్ అంటే గుర్తొచ్చింది. మా వాచ్‌మన్ మూసీ దిగువన నల్గొండ జిల్లావాడు. తాత ఊరి చెరువుకు నీళ్లు వదిలే నీరటిగా చేశాడట. మోకాలు లోతు నీళ్లలో నిలబడి అంతా విని, “మత్తడి ఏడున్నది సార్?” అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. “చెరువన్నంక మత్తడి ఉండాలె గద. గది ఫంక్షన్ హాల్ కింద పోయింది. గందుకే నీళ్లు మన ర్యాంపును మత్తడి అనుకున్నయి.” ఇంజనీరు గారు తలూపారు. అధ్యక్షుల వారు మాత్రం, ఫంక్షన్ హాల్ యజమాని గణేశ్ నవరాత్రులకు మనకు పెద్ద చందాదారు కాబట్టి ఈ మాట మినిట్స్‌లో రాయొద్దన్నారు.

చివరికి తీర్మానం జరిగింది. అయిదు హార్స్‌పవర్ మోటారు తెచ్చి, పైపు ప్రహరీ అవతలకు వేశారు. “ఈ నీళ్లెటు పోతాయి?” అని అడిగాను ఉండబట్టలేక. “మొదాలు కింది కాలనీకి, ఎన్కశీర మా ఊరికే సార్” అన్నాడు వాచ్‌మన్. మూసీ నీళ్లతో పండిన వరే వాళ్లకు బువ్వ. మీ డ్రైనేజీ కూడా గండ్లనే కలిసొస్తది అని అతను అనబోతుంటే మోటారు స్టార్టయింది.

మధ్యాహ్నానికి సెల్లారు ఆరింది. సాయంత్రం కింది కాలనీ నుంచి ఓ కుర్రాడు నోటీసు తెచ్చి వాచ్‌మన్‌ చేత సంతకం పెట్టించుకుని వెళ్లాడు. కవరు మీద ‘పై కాలనీ అధ్యక్షుల వారికి’ అని ఉంది.

అధ్యక్షుల వారు కళ్లజోడు సవరించుకుని చదివి, “ఇది మనకు కాదయ్యా, పై కాలనీలో ఇచ్చిరా” అని అతని చేతికే తిరిగిచ్చారు.