కథలు చదవకుండా కథల పరీక్ష: భిలాయ్ పిల్లలకు చిట్కాలు

భిలాయ్‌లో పన్నెండో తరగతి అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మేథ్స్. ఇంగ్లీషు మధ్యలో వచ్చే చిన్న స్టేషన్, మన బండి అక్కడ ఆగదు. కాకపోతే సీబీఎస్‌ఈ వాళ్లు పనీపాటా లేక 80 మార్కుల పేపర్లో 40 మార్కులు సాహిత్యానికే కేటాయించారు. అందులో కథలు కూడా ఉన్నాయి. కంగారు పడకండి. ఒక్క కథా చదవకుండా ఆ పరీక్ష రాసి రావచ్చు.

1. పుస్తకాలు కొనండి, తెరవకండి. ఫ్లెమింగో, విస్టాస్ రెండూ కొనిపించుకోండి. అమ్మ చేత బ్రౌన్ పేపర్ అట్టలు వేయించండి. పక్క క్వార్టర్ ఆంటీ వచ్చినప్పుడు ఒక పేజీ తిప్పండి, ఆవిడ వెళ్లాక మళ్లీ వెనక్కి తిప్పేయండి. పుస్తకం నలక్కుండా ఉంటే వచ్చే ఏడాది సగం ధరకి అమ్ముకోవచ్చు. అమ్మే అవసరం రాకపోవచ్చు కూడా, ఆ సంగతి తర్వాత చెబుతాను.

2. వన్ షాట్ వీడియో పెట్టుకోండి. రెండింతల స్పీడులో, ఉప్మా తింటూ చూడండి. అందులో సారు ఏ కథ చెప్పినా చివరికి "మానవత్వం" అంటాడు. ఆ ఒక్క మాట పట్టుకోండి. ద ఎనిమీలో జపాన్ డాక్టరు సదావో, గాయపడ్డ అమెరికన్ ఖైదీని ఎందుకు బతికించాడు? మానవత్వం. టైగర్ కింగ్‌లో మహారాజు అన్ని పులుల్ని ఎందుకు చంపాడు? మానవత్వం. రెండోది కాస్త అతకదు. పేపర్లు దిద్దేవాళ్లకి అంత తీరికెక్కడిది?

3. టైగర్ కింగ్‌కి ఇంకా మంచి దారి ఉంది. కల్కి తమిళంలో రాసిన ఆ కథ చదివే బదులు మైత్రీ బాగ్ జూకి వెళ్లి తెల్ల పులితో సెల్ఫీ దిగి రండి. ప్రిపరేషన్ పూర్తయింది. నూరో పులి వల్ల గండం ఉందని జోస్యం చెబితే అడవులన్నీ గాలించిన రాజు, ఆఖరికి చెక్క బొమ్మ పులి పేడు గుచ్చుకుని ఎలా పోయాడన్నది మైత్రీ బాగ్ పులికి తెలీదు. మీకెందుకు?

4. ఇక అసలైన కథ, ద రాట్‌ట్రాప్. రాసింది స్వీడన్ రచయిత్రి సెల్మా లాగర్‌లోఫ్, సాహిత్యంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ, 1909. ఎలకల బోనులు అమ్ముకునే దిమ్మరి ఒకడు, రాత్రి తిండి పెట్టి పడుకోబెట్టిన ముసలాయన దగ్గరే ముప్పై క్రోనార్లు కొట్టేస్తాడు. అడవిలో దారి తప్పి, ఒక ఇనుప కార్ఖానాలో కొలిమి పక్కకి చేరతాడు.

ఇనుప కార్ఖానా! ఆ మాట దగ్గర ఆగిపోండి. మీరున్నది ఎక్కడ? భిలాయ్‌లో. ఇంక కథతో పనేముంది? మూడో లైన్లోనే స్టీల్ ప్లాంటులోకి దూకేయండి. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, మొదటి బ్లాస్ట్ ఫర్నేస్, దాన్ని ప్రారంభించిన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్, రైల్వే వాళ్లకి మనం చేసే పట్టాలు, సెక్టార్ల నంబర్లు. తారీఖులు సుమారుగా వేసేయండి. నూట యాభై పదాలు ఇట్టే నిండుతాయి. నిండకపోతే నాన్న నైట్ షిఫ్టు నుంచి ఉదయం ఆరుకి బయటపడి, టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కి తగిలించుకుని స్కూటర్ మీద ఇంటికి రావడం వర్ణించండి. బాగా వస్తుంది, నిజంగానే.

కార్ఖానా యజమాని ఆ దిమ్మరిని పాత సైనిక మిత్రుడనుకోవడం, నిజం తెలిశాక కూడా యజమాని కూతురు ఎడ్లా క్రిస్మస్ పండగపూట అతన్ని బయటికి పోనివ్వకపోవడం, వెళ్లేముందు అతను ఆ ముప్పై క్రోనార్లూ ఎలకల బోనులో పెట్టి ఆమెకే వదిలెయ్యడం... ఇవన్నీ చిల్లర వివరాలు. ప్రశ్నలు వీటి మీదే వస్తాయనుకోండి, అది వాళ్ల ఖర్మ.

5. ద లాస్ట్ లెసన్‌లో ఫ్రాంజ్‌ని ఆదర్శంగా పెట్టుకోండి. వాడు బడికి ఆలస్యంగా వెళ్లాడు, వ్యాకరణం ముక్క రాలేదు, అయినా కథలో హీరో వాడే. పాఠం అప్పజెప్పి ఉంటే రచయిత దోదే వాడి మొహం చూసేవాడా? బెర్లిన్ ఉత్తర్వు, ఆల్సేస్‌లో ఫ్రెంచి చదువు ఆగిపోవడం, ముసలి హౌసర్ అక్షరాల పుస్తకం తెచ్చుకుని వెనక బెంచీలో కూర్చోవడం వదిలేయండి. శ్రీకాకుళం నుంచి వచ్చిన అమ్మమ్మ తెలుగు పత్రిక చేతిలో పెట్టి, "నా కళ్లజోడు కనపడ్డంలేదురా, ఈ రెండు ముక్కలూ చదివిపెట్టు" అంటే, "బోర్డ్ ఎగ్జామ్ ఉంది కదా అమ్మమ్మా" అనండి. మీకు తెలుగు చదవడం రాదన్న సంగతి బయటపడదు. కళ్లజోడు ఆవిడ నెత్తి మీదే ఉంటుంది, అయినా ఆవిడా ఏమీ అనదు.

6. సిలబస్‌లో లేని కథల నీడ కూడా తొక్కకండి. ఈ ప్రాంతంలో ప్రమాదం ఎక్కువ. హిందీలో తొలి కథల్లో ఒకటని చెప్పే మాధవరావు సప్రే 'ఏక్ టోక్రీ భర్ మిట్టీ' 1901లో వచ్చింది ఇక్కడి ఛత్తీస్‌గఢ్ మిత్ర పత్రికలోనే. మరుసటి ఏడే తెలుగులో 'ధన త్రయోదశి' రాసిన భండారు అచ్చమాంబ కాపురం కూడా అప్పటి మధ్య పరగణాల్లోనే. సప్రే కథ మరీ చిన్నది, పొరపాటున చదివేస్తారు. జాగ్రత్త.

7. ఊళ్లో పెళ్లికి ఒప్పుకోండి. బోర్డు పరీక్షలు ఫిబ్రవరిలో మొదలవుతాయి, మాఘమాసం పెళ్లిళ్లూ అప్పుడే. దుర్గ్ నుంచి విశాఖకి వందే భారత్ ఉంది. "బండిలో చదువుకుంటా" అనండి. పెద్దవాళ్లు ఈ మాట ప్రతిసారీ నమ్ముతారు, ఎందుకో మరి.

8. పరీక్షకి ముందు ప్రశ్నపత్రం చదువుకోమని ఇచ్చే పదిహేను నిమిషాలూ పెన్నులు సర్దుకోండి. తర్వాత యాభై పదాల జవాబుకి రెండు పేజీలు, నూట యాభై పదాల జవాబుకి రెండు లైన్లు రాయండి. మొత్తం మీద లెక్క సరిపోతుంది. మేలో ఫలితాలొచ్చి ఇంగ్లీషు పోయిందనుకోండి, సప్లిమెంటరీ జులైలో. పుస్తకం అమ్మే అవసరం రాకపోవచ్చన్నది ఇందుకే.

9. ఎన్‌ఐటీ, ఐఐటీ సీటుకి ర్యాంకుతో పాటు ఇంటర్ స్థాయిలో అయిదు సబ్జెక్టుల్లో 75 శాతం కావాలని, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలని, ఆ అయిదింట్లో ఒకటి భాష అని ఒక నిబంధన ఉంది. ఎస్సీ, ఎస్టీ వాళ్లకి 65. కౌన్సెలింగ్ దాకా ఇంట్లో దీని ఊసెత్తకండి. ముందే చెబితే చదవమంటారు.

10. ఫలితాలొచ్చాక నాన్న ఎలాగూ జవాబుపత్రం ఫొటోకాపీకి డబ్బు కడతారు. కట్టనివ్వండి. రాట్‌ట్రాప్ జవాబు దగ్గర ఆయన ఆగిపోతారు. పక్కన ఎర్ర సున్నా ఉంటుంది, ఆయన చూపు దాని మీద పడదు. "ఒరేయ్, మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1960 అని రాశావేంట్రా? 1959, ఫిబ్రవరి 4" అంటారు. వెంటనే రష్యన్ ఇంజనీర్ల గురించి అడగండి. రాత్రి భోజనాల దాకా ఢోకా లేదు.