గానసభ కార్యదర్శి గారు

కోస్తా జిల్లాల్లో ఏ ఊళ్ళోనైనా ఎనభై దాటిన గానసభ కార్యదర్శి గారు కాలం చేస్తే, పక్షం తిరక్కుండా సంస్మరణ సభ జరుగుతుంది. అందులో మూడు మాటలు తప్పకుండా వినిపిస్తాయి: సంగీతప్రియులు, సేవాతత్పరులు, కుటుంబవత్సలులు. వక్తలు ఈ మూడు గుణాలనూ తలా ఒకటి పంచుకుని పావుగంట చొప్పున మాట్లాడి, శాలువాలు కప్పించుకుని వెళతారు. నన్నడిగితే ఆయనలో ఉన్నది ఒకటే గుణం. నలుగురినీ పిలిచి, కూచోబెట్టి, కాఫీ ఇప్పించకపోతే ఆయనకు పొద్దుపోదు. సంగీతం దానికి దొరికిన సాకు, సేవ దానికి ఊరు పెట్టిన పేరు, కుటుంబం దానికి పెట్టుబడి. ఇదేదో ఎద్దేవా చేయడానికి అంటున్నది కాదు. ఆ ఒక్క గుణమే లేకపోతే చిన్న ఊళ్ళలో కచేరీ అన్నది పెళ్ళి పందిట్లో తప్ప జరిగేది కాదని నా నమ్మకం.

ఎందుకంటే అంతకుముందు ఆ పని చూసుకోవడానికి రాజులుండేవారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టింది అక్కడి సంస్థానమే. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలకు నూకలు చెల్లాయి. అదే ఏడాది డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. రేడియో విద్వాంసుడికి పారితోషికమిచ్చింది, శ్రోతకు ఇంట్లోనే పాట వినిపించింది. ఎదురుగా కూచుని తలాడించే మనుషులను మాత్రం అది పోగు చెయ్యలేదు. ఆ భారం నెత్తికెత్తుకున్నది తాలూకాఫీసు హెడ్డు గుమాస్తా, పోస్టుమాస్టరు, లెక్కల మాస్టారు. రాజుగారి శాలువా ఖజానాలోంచి వచ్చేది, ఈయనది బట్టల కొట్లో అరువు. ఆ బాకీ తీరేలోపే ఇంకో విద్వాంసుడు బండి దిగేవాడు. దానికి తోడు త్యాగరాజ ఆరాధన వచ్చేది పుష్య బహుళ పంచమికి, అంటే సంక్రాంతికి అటో ఇటో, కొత్త బట్టలకీ అల్లుళ్ళకీ ఊరి జేబులన్నీ ఖాళీ అయిపోయే రోజుల్లో. అయినా రసీదు పుస్తకం చంకన పెట్టుకుని గడప గడపా ఎక్కేవారు. ‘తంజావూరు రాజు పిలిచినా వెళ్ళని త్యాగయ్య ఉంఛవృత్తి చేశాడండీ, మనమెంత?’ అనేవారు. ‘ఆయన గుప్పెడు బియ్యంతో సరిపెట్టుకున్నాడు, తమరు నూటపదహార్లు అడుగుతున్నారు’ అని కిరాణా కొట్టు శెట్టిగారు అన్నా నవ్వేసి, ఆ పేరు మీద రసీదు ముందే రాసేసేవారు. చింపేసిన రసీదును వెనక్కి తిప్పి పంపడానికి ఏ శెట్టిగారికీ చెయ్యి రాదు.

ఆయనకు అసలు సంగీతమే రాదు కదా అంటారు గిట్టనివాళ్ళు. నిజమే. ఆరభికీ దేవగాంధారికీ తేడా ఆయనకు చివరిదాకా తెలియలేదు. తెలిసినవాళ్ళలో మాత్రం ఎందరు తడబడలేదు లెండి. గోష్ఠిగానంలో పంచరత్నాలు పాడేటప్పుడు నాట నుంచి వరాళి దాకా పెదవులు ఆడించి, అందరికీ నోటికి వచ్చిన శ్రీరాగ కీర్తన దగ్గర మాత్రం గొంతెత్తేవారు. కానీ ఏ గాయకుడికి మిరియాల పాలు కావాలో, ఏ వయొలిన్ విద్వాంసుడికి ఏ మృదంగ విద్వాంసుడితో మాటల్లేవో, రాత్రి రైలు తప్పిపోతే ఎవరింటి అరుగు మీద పక్క వేయించాలో రాగలక్షణాలు తెలిసిన పండితులెవరికైనా తెలుసా? తని ఆవర్తనం మొదలుకాగానే జనం లేచి బయటికి నడవడం మన సభల్లో పాత ఆచారం. ఆ సమయానికి ఈయన గుమ్మానికి అడ్డంగా ఇనప కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని తాళం వేస్తూ కూచునేవారు. తాళం తప్పు. కానీ అంత పెద్దాయన కాళ్ళు దాటి వెళ్ళడానికి మొహమాటపడి సగం మంది వెనక్కి వచ్చి కూచునేవారు. మృదంగ విద్వాంసుడికి కావలసింది ఆ సగం మందే.

వేదిక మీద మోజు అన్న ఆరోపణ ఇంకాస్త బలమైనది. విద్వాంసుడు మంగళం పాడి శ్రుతిపెట్టె కట్టేశాక ఈయన కచేరీ మొదలయ్యేది. దానికి వందన సమర్పణ అని పేరు. అధ్యక్షుల వారి దగ్గర ఎత్తుకుని, జంపఖానాలు పరిచిన వారినీ, మామిడాకులు కోసిన కుర్రాణ్ణీ, ఆ చెట్టు యజమానినీ తలుచుకుని, మళ్ళీ అధ్యక్షుల వారి దగ్గరకు వచ్చి ముగించేసరికి పసిపిల్లలు రెండో నిద్రలో ఉండేవారు. ఇది మోజు కాదని బుకాయించలేను. అయితే మైకులో పేరు వినబడ్డ శెట్టిగారే మరుసటి ఏడు పిలవకుండా చందా ఇచ్చేవారు. పేరు మరిచిపోయిన కంట్రాక్టరు రెండేళ్ళు సభకు రాలేదు, ఇయ్యలేదు. కనుక ఆ సుదీర్ఘ ఉపన్యాసం వచ్చే ఏటి బడ్జెట్టు. దాన్ని కుదించమన్న కమిటీ సభ్యులెవరూ ఆ లోటు తాము పూడుస్తామని మాట ఇవ్వలేదు.

ఇక కుటుంబవత్సలత. ఇక్కడ ఆయన్ని పూర్తిగా వెనకేసుకు రావడం నా వల్ల కాదు. పిల్లలకు కల్యాణి, మోహన, శ్రీరంజని అని పేర్లు పెట్టారు. వరాళి అని పెట్టకపోవడం ఆ రాగం నేర్పితే గురుశిష్యులకు పొసగదన్న భయం వల్ల. పెద్దమ్మాయికి సంబంధం కుదరక మునుపే సన్నాయి మేళం కుదిరింది. షష్టిపూర్తికి కచేరీ, సహస్ర చంద్ర దర్శనానికి కచేరీ, మనవడి అక్షరాభ్యాసానికి సైతం కచేరీ. వచ్చిన విద్వాంసులందరికీ ఆ ఇంట్లోనే విడిది. ఆహిరి పాడితే ఆ పూట అన్నం దొరకదని సంగీతజ్ఞులకో నమ్మకముంది. ఈ ఇంట్లో మాత్రం ఆహిరి పాడినవాడికీ వేడన్నమే, అర్ధరాత్రి దాటినా సరే. మృదంగం ఎడమ మూతకు రవ్వ ముద్ద అద్దుతారు కదా, కచేరీకి పది నిమిషాల ముందు దానికోసం పరుగెత్తుకొచ్చే కుర్రాడికి, పొద్దుటి ఉప్మా కోసం దాచిన డబ్బాలోంచి ఇల్లాలు గుప్పెడు తీసి పొట్లం కట్టి ఇచ్చేది. సభ జమాఖర్చుల్లో ఆ రవ్వ ఏనాడూ పడలేదు. త్యాగరాజ సమాధిని నిలబెట్టడానికి బెంగళూరు నాగరత్నమ్మ నగలు అమ్ముకుందని ప్రతి ఆరాధన రోజూ ఈయన గద్గద స్వరంతో చెప్పేవారు. నాగరత్నమ్మ అమ్ముకున్నవి సొంత నగలు. ఈయన కుదువ పెట్టినవి భార్య గాజులు. విడిపించారు, నిజమే, మళ్ళీ ఆరాధన రాకముందే విడిపించారు.

అయినా ఆమె నోట్లో నాలుక లేక ఊరుకుందనుకోవడం కూడా పొరపాటే. ఏ గాయకుడు ఎన్ని ఇడ్లీలు తిని ఎంత పాడాడో ఆమె దగ్గర లెక్క ఉండేది. ఆమె నచ్చలేదన్న పిల్లగాణ్ణి మరుసటి ఏడు కార్యదర్శి గారు పిలిచేవారు కారు. కచేరీ అంటే పారిపోయిన పిల్లలే ఇవాళ అమెరికాలో, 1978లో మొదలై ఏటేటా నడుస్తున్న క్లీవ్‌లాండ్ ఆరాధన లాంటి సభల్లో, వాలంటీరు బ్యాడ్జీలు తగిలించుకుని కుర్చీలు సర్దుతున్నారు. ఇక్కడేమో ఆయన పోయిన ఏడాదికే సభ రెండు సభలవుతుంది. ఇద్దరు కార్యదర్శులు, రెండు రసీదు పుస్తకాలు, ఒకే పంచమి నాడు రెండు గోష్ఠిగానాలు. ఎవరిది అసలు సభ అన్న తగువు తెగక, చివరికి రెండు వర్గాలవారూ వేర్వేరుగా ఆ ఇంటికే వెళ్ళి, విద్వాంసులకు ఈసారి కూడా భోజనాలు ఇక్కడేనా అమ్మా అని అడుగుతారు.