ఎర్రచారల తూటా

తూటాకు నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి గుల్ల, దాని అడుగున క్యాప్, కడుపులో మందు, మూతికి బిగించిన బుల్లెట్. ఫైరింగ్ పిన్ వచ్చి క్యాప్‌ను పొడుస్తుంది. క్యాప్‌లో పుట్టిన నిప్పు మందుకు అంటుకుంటుంది. మందు మండి పుట్టిన వాయువు బుల్లెట్‌ను గొట్టంలోంచి తోసేస్తుంది. నాకు గుల్ల ఉంది, బుల్లెట్ ఉంది. మందు లేదు. క్యాప్ ఉండాల్సిన చోట ఒట్టి గుంట. నిప్పు పుట్టే చోటే లేదు కనుక ఎన్నిసార్లు ట్రిగ్గర్ నొక్కినా నేను పేలను. నేను డ్రిల్ రౌండ్‌ని. పోలీసులు డమ్మీ అంటారు.

మాది త్రీనాట్‌త్రీ జాతి. గొట్టం లోపలి కొలత 0.303 అంగుళాలు, అంటే 7.7 మిల్లీమీటర్లు. 1888లో బ్రిటిష్ సైన్యం ఎంచుకున్న కొలత ఇది. తర్వాత మన దేశంలో ఇషాపూర్ ఫ్యాక్టరీ ఈ కొలత రైఫిళ్లను దశాబ్దాల పాటు చేసింది. సైన్యం వదిలేశాక కూడా పోలీసుల భుజాల మీద ఇవి చాలాకాలం నిలిచాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో గానీ దీనికి వీడ్కోలు చెప్పలేదు. నా తోబుట్టువుల్లో మందున్నవాళ్లు సెకనుకు 740 మీటర్ల వేగంతో బుల్లెట్‌ను పంపేవాళ్లు. వాళ్లకూ నాకూ పొడవు ఒకటే, ఆకారం ఒకటే. తేడా తెలియడానికే నా గుల్లకు వెండిరంగు పూత పూశారు, నిలువునా మూడు గాడులు నొక్కారు, ఆ గాడుల్లో ఎర్రరంగు వేశారు. పగలు రంగు కనిపిస్తుంది. చీకట్లో రంగు పనికిరాదు, అప్పుడు వేలికి గాడి తగులుతుంది. నన్ను తయారుచేసినవాళ్ల తెలివంతా ఆ గాడిలో ఉందని నా నమ్మకం.

ఒక జిల్లా కేంద్రంలో, బెల్ ఆఫ్ ఆర్మ్స్ అనే పోలీసుల ఆయుధాల గదిలో, చెక్కపెట్టెలో నా కాపురం. నన్ను చాలాకాలం చూసుకున్న హెడ్ కానిస్టేబుల్, మా హెడ్డుగారు, ఒక్క విషయంలో ఎవరి మాటా వినేవారు కాదు. నేను పెట్టెలోంచి బయటికి రావాలంటే అసలు తూటాలన్నీ ఆ గది విడిచి వెళ్లాలి. మూలన పెట్టడం, మూత వెయ్యడం కాదు, గదిలోనే ఉండకూడదు. కొత్తగా చేరిన కానిస్టేబుళ్ల చేత జేబులు తిరగేయించేవారు. ఒక్కొక్కరూ బోల్టు వెనక్కి లాగి ఛాంబర్‌లోకి చూడాలి, చూశాక చిటికెన వేలు పెట్టి తడమాలి. ఎదుటివాడి రైఫిల్ కూడా చూడాలి. ఆ తర్వాత తెల్లగుడ్డ పరిచి మమ్మల్ని లెక్కపెట్టి పోసేవారు. అప్పుడు కూడా గొట్టం మనిషివైపు తిరగకూడదు. ఎదురుగా మట్టి నింపిన సంచుల గోడ, దాని మీద చిన్న నల్లచుక్క, గురి అక్కడే.

"డమ్మీయే కదా సార్" అని ఒక కుర్రాడు నవ్వుతూ గొట్టం పక్కకి తిప్పాడు. హెడ్డుగారు నవ్వలేదు. "డమ్మీ అని నీకెవరు చెప్పారు బాబూ? నేను చెప్పాను. నేను చెప్తే సరిపోతుందా? నువ్వు చూడాలి" అని నన్ను అతని చేతిలో పెట్టి, వెనక్కి తిప్పించి, క్యాప్ గుంట చూపించారు. నా గురించి అంత సరైన మాట మరెవరూ అనలేదు.

మా పని చాలామంది అనుకునేదానికంటే పెద్దది. త్రీనాట్‌త్రీ తూటాకు వెనుక అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందుండాలి. వెనకపడితే పై తూటా కదలదు, రైఫిల్ ఇరుక్కుంటుంది. అయిదు తూటాలు పట్టే చార్జర్ అనే క్లిప్‌లో మూడు అంచులు కిందికీ రెండు పైకీ వచ్చేలా సర్దడం, బొటనవేలితో ఒక్క ఊపున మ్యాగజైన్‌లోకి నొక్కడం, ఇరుక్కుంటే తీయడం, ఇవన్నీ అసలు తూటాలతో నేర్పిస్తే గదిలో ప్రాణాలు దక్కవు. మాతో నేర్పిస్తే తప్పు ఎన్నిసార్లయినా చేయొచ్చు.

తర్వాత ట్రిగ్గర్. దీనికి రెండు దశలు. ఫస్ట్ పుల్‌లో వదులు పోతుంది, అక్కడ ఆగాలి. ఊపిరి సగం వదిలి పట్టాలి. సెకండ్ పుల్ ఎప్పుడు తెగిందో కాల్చేవాడికే తెలియనంత మెల్లగా నొక్కాలి. హెడ్డుగారు గొట్టం చివర రూపాయి బిళ్ల నిలబెట్టేవారు. టక్‌మని పిన్ పడినా బిళ్ల కదలకపోతే వేలు దారికొచ్చినట్టు. బోల్టు లాగితే నేను ఎగిరి గుడ్డమీద పడేదాన్ని, నా వెనక మరొకరు ఛాంబర్‌లోకి వెళ్లేవారు. మందు ఖర్చు లేదు, చప్పుడు లేదు, భుజానికి దెబ్బ లేదు. గురి అనేది చాలావరకు ఈ చప్పుడులేని గంటల్లోనే కుదురుతుంది.

పాయింట్ టూటూ రైఫిళ్ల సంగతి వేరు. ఎన్‌సీసీ పిల్లలు ఎక్కువగా కాల్చేవి అవే. ఆ తూటాకు క్యాప్ విడిగా ఉండదు, నిప్పు పుట్టించే మందు అంచులోనే ఉంటుంది, పిన్ అంచునే కొడుతుంది. ఛాంబర్ ఖాళీగా ఉంచి ట్రిగ్గర్ నొక్కితే, చాలా తుపాకుల్లో ఆ పిన్ నేరుగా ఛాంబర్ మూతి ఇనుమునే కొడుతుంది. పిన్ మొద్దుబారుతుంది, మూతి సొట్టపడుతుంది, ఆపైన తూటా సరిగ్గా ఎక్కదు, దిగదు. అందుకే అక్కడ డమ్మీ గానీ కాల్చేసిన ఖాళీ గుల్ల గానీ అడ్డం ఉండాలి. జంటగొట్టాల తుపాకులకు, పిస్టళ్లకు స్నాప్ క్యాప్‌లని నా దాయాదులున్నారు. ప్లాస్టిక్‌తోనో అల్యూమినియంతోనో చేస్తారు, పిన్ దెబ్బను కాచుకోవడానికి వెనుక స్ప్రింగో రబ్బరో ఉంటుంది. అమెరికాలో ఇంట్లో పిస్టల్ ఉంచుకునేవాళ్లలో చాలామంది సాధన చేసేది వీళ్లతోనే. ఆ ఇళ్లలో ప్రమాదం సాధన మధ్యలో కంటే అది ముగిశాక పొంచి ఉంటుంది. డమ్మీ తీసేసి, అసలు తూటాలు నింపి, "ఇంకొక్కసారి" అని గోడవైపు గురిపెడతారు. చేతికి పాత అలవాటు ఇంకా వదలదు. అందుకే ముగించాక "అయిపోయింది" అని పైకే చెప్పుకోవాలి, ఆ గది వదిలి వెళ్లాలి.

నా బతుకులో నాకు నచ్చిన రోజు ఫైరింగ్ రేంజ్‌లో గడిచింది. ఒక అమ్మాయి గదిలో బిళ్ల కదలకుండా నొక్కేది, రేంజ్‌లో మాత్రం ఆమె రౌండ్లన్నీ టార్గెట్ కింది మట్టిలోకే పోయేవి. ఆరోజు ఆమె కళ్లు టార్గెట్ మీద ఉండగా, హెడ్డుగారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క రౌండూ తానే పెట్టి బోల్టు మూశారు. అసలువి కొన్ని పేలాయి. తర్వాత, ఆమెకు తెలియకుండా, నేను. ట్రిగ్గర్ తెగింది. టక్‌మన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కానీ గొట్టం జానెడు కిందికి వంగింది, భుజం ముందుకు తోసింది, కళ్లు మూసుకుపోయాయి.

"కదలొద్దు" అన్నారు హెడ్డుగారు. టక్‌మన్నది నేనే అని ఆయనకు తెలుసు. అయినా గొట్టం టార్గెట్ వైపే ఉంచి ఆగమన్నారు. ఆలస్యంగా పేలే తూటాలుంటాయి, బోల్టు తెరిచి చూసేదాకా ఏదీ డమ్మీ కాదు. తెరిచాక నేను బయటపడ్డాను.

"చూశావా అమ్మా, రైఫిల్ నిన్ను కొట్టలేదు. కొడుతుందని నువ్వే వంగిపోయావు."

ఆమె నన్ను చేతిలోకి తీసుకుని గాడులు తడిమింది. "మళ్లీ పెట్టండి సార్, ఎప్పుడు పెడుతున్నారో చెప్పొద్దు" అంది. ఆ పొద్దంతా నేను అసలు తూటాల మధ్య వస్తూ పోతూ ఉన్నాను. సాయంత్రానికి టక్‌మన్నా గొట్టం నిలిచింది. భయం పోవడానికి ధైర్యవచనాల కంటే నా ఖాళీ కడుపే ఎక్కువ సాయపడిందని చెప్పుకోవడం నాకు గర్వం.

నా జాతికి చెడ్డపేరు తెచ్చిన సంగతులూ చెప్పాలి, దాచకూడదు. 1993లో అమెరికాలోని విల్మింగ్టన్‌లో 'ద క్రో' సినిమా తీస్తున్నారు. డమ్మీలు కావాల్సి వచ్చి, అసలు తూటాల్లోంచే బుల్లెట్ పీకి, మందు పారబోసి, మళ్లీ బుల్లెట్ బిగించారు. క్యాప్ అలాగే వదిలేశారు. ట్రిగ్గర్ నొక్కినప్పుడు క్యాప్ నిప్పు ఒక్కటే బుల్లెట్‌ను గొట్టంలోకి తోసి అక్కడ ఇరికించింది. ఎవరూ గొట్టంలోకి చూడలేదు. తర్వాత అదే రివాల్వర్‌లో, చప్పుడు కోసం, బుల్లెట్ లేని బ్లాంక్ పేల్చారు. ఇరుక్కున్న బుల్లెట్ వెళ్లి నటుడు బ్రాండన్ లీకి తగిలింది. బ్రూస్ లీ కొడుకు, 28 ఏళ్లవాడు, మార్చి 31న పోయాడు. దాన్ని డమ్మీ అనడానికి నాకు మనసొప్పదు. క్యాప్ ఉన్నది డమ్మీ కాదు.

2021 అక్టోబర్ 21న న్యూ మెక్సికోలో 'రస్ట్' సినిమా సెట్ మీద జరిగింది ఇంకా బాధాకరం. అక్కడ నిజమైన డమ్మీలే ఉన్నాయి. పక్కన రంధ్రం ఉన్నవి కొన్ని, ఊపితే లోపల చిన్న గుండు గలగలమనేవి కొన్ని. వాటి మధ్యకు అసలు తూటాలు వచ్చి చేరాయి. ఒక్కొక్కటీ తీసి రంధ్రం ఉందేమో చూసి, లేకపోతే చెవి దగ్గర ఊపితే తేలిపోయేది. ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ ప్రాణం పోయింది. ఆయుధాలకు బాధ్యురాలైన యువతికి 2024లో 18 నెలల జైలుశిక్ష పడింది. మేమూ అసలు తూటాలూ ఒకే గదిలో ఉండకూడదని హెడ్డుగారు ఎందుకంత పట్టుబట్టారో ఆ సెట్ మీద ఉన్నవాళ్లకు ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు ఇన్సాస్ రైఫిళ్ల కోసం 5.56 డమ్మీలు పక్క అరలోకి వచ్చాయి. నా వెండిపూత చాలాచోట్ల లేచిపోయి కింది ఇత్తడి బయటపడింది. గాడుల్లో ఎరుపు మరకలు మాత్రం మిగిలాయి. ఎక్స్‌ట్రాక్టర్ కొరికి కొరికి అంచు అరిగింది, ఒక్కోసారి ఛాంబర్‌లోంచి నన్ను లాగలేక శుభ్రంచేసే రాడ్‌తో ముందునుంచి పొడవాల్సి వస్తోంది. తనిఖీ రోజున ఆయుధాల బాగోగులు చూసే ఆర్మరర్ నన్ను చేతిలో తిప్పి చూసి పక్కన పెట్టాడు. "రంగు మళ్లీ వేయొచ్చు కదా సార్" అన్నాడు సాయంగా ఉన్న కుర్రాడు. "అంచు పోయింది, అదీగాక దూరం నుంచి చూస్తే ఇది అసలుదానిలా ఉంది. అలా కనిపించాక ఇది ఇక్కడ ఉండకూడదు" అన్నాడు ఆర్మరర్.

అతను చేసింది సరైన పని. నన్ను పనికిరానివాటి కండెమ్ లిస్టులో రాసి, పెట్టెలో మిగిలినవాళ్లను ఒక్కొక్కరినీ తీసి వెనక్కి తిప్పి చూస్తున్నాడు. క్యాప్ గుంట ఖాళీగా ఉండి, ఎరుపు చెక్కుచెదరనివాటినే మళ్లీ పెట్టెలో వేస్తున్నాడు.