నా చోట సింకు

నేను బట్టలుతికే బండని. తడలో ఒక ఇంటి దొడ్లో ఉంటాను. శ్రీహరికోటలో ఎస్‌ఎల్‌వీ-3 మొదటిసారి ఎగిరిన 1979కి ముందే నన్నిక్కడ దించారు. తమిళనాడు సరిహద్దు పక్కనే కాబట్టి తెలుగులోనూ అరవంలోనూ దెబ్బలూ తిన్నాను, తిట్లూ తిన్నాను. 501 బార్ సబ్బు చూశాను, నిర్మా పొడి చూశాను, నీలిమందు మరకలు ఇంకా నా అంచున ఉన్నాయి. ఊరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి పోయినప్పుడు కూడా నేను అంగుళం కదల్లేదు. ఇప్పుడు కదలాల్సి వచ్చేట్టుంది.

కోడలు శ్రీసిటీలో ఉద్యోగం చేస్తుంది. జీతం డబ్బుతో ముందు తలుపున్న వాషింగ్ మెషీను కొనింది. దాని కోసం వెనక వరండాకి గ్రిల్లు కట్టించి, కింద టైల్స్ పరిపించి, వాష్ ఏరియా అని పేరు పెట్టారు. అందులో మెషీను, నేను, ఒక కుళాయి. మనిషి తిరిగే చోటు తక్కువ. అందులోనే సింకు కూడా కావాలంటుంది కోడలు.

"బండుండగా సింకెందుకమ్మా?" అంది అత్త.

"వంగి వంగి నడుం పడిపోతా ఉండాదత్తా. మీ మోకాళ్లు మాత్రం బాగుండాయా?"

అత్త దానికి బదులు చెప్పలేదు. మోకాళ్ల సంగతి నాకు తెలుసు. లేచేటప్పుడు ఆమె చెయ్యి నా మీదే ఆనుతుంది.

సింకు మీద నాకు కోపం ఉండాలి కదా, లేదు. మెషీనుకి చేతకాని పనులు ఆ ఇంట్లో ఎన్నున్నాయో రోజూ చూసేది నేనే. పెద్దాయన రొయ్యల గుంటల దగ్గర్నించి వస్తాడు. లుంగీకి మోకాలు దాకా నల్లటి బురద, మడతల్లో ఇసక. దాన్నట్టే మెషీనులో పడేస్తే ఇసకంతా పోయి ఫిల్టర్లో కూర్చుంటుంది, నీళ్లు బయటికి తోడే పంపు మొరాయిస్తుంది. అందుకే ముందు నా మీద పరిచి, చెంబుతో నీళ్లు పోసి, మడత మడతా విప్పి జాడిస్తారు. పిల్లాడి స్కూలు చొక్కా కాలరయితే అత్త బొటనవేలికి చుట్టుకుని, మురికి గీత మీద మాత్రమే సబ్బు గీసి, బ్రష్షు అడ్డంగా కాకుండా నేత వెంబడి రుద్దుతుంది. ఏ బటన్ నొక్కినా మెషీను ఆ గీతని వెతుక్కోలేదు. ఇక ఇల్లు తుడిచే మాపు. ఒకసారి ఎవరో దాన్ని వంటింటి సింకులో పిండారు. ఆ పూట ఇంట్లో జరిగిన రభస నేను చెప్పను.

ఇంతకీ అసలు పేచీ నీళ్లతో. పులికాట్ పక్కనున్న ఊరు. బోరు నీళ్లు ఉప్పుగా ఉంటాయి. ఉప్పుకి తోడు కాల్షియం, మెగ్నీషియం కలిసిన నీళ్లలో సబ్బు నురగ రాదు, తెల్లటి జిడ్డుపొరగా తేలి బట్టకే అంటుకుంటుంది. అందుకే జాడించడానికి మంచినీళ్లు విడిగా పట్టుకుంటారు. కోడలు అడిగేది కూడా అదే: సింకు మీద రెండు కుళాయిలు, బోరుదొకటి, మంచినీళ్లదొకటి.

ప్లంబరు వచ్చి టేపు పరిచాడు. సింకు నేల నుంచి 34 అంగుళాల ఎత్తుండాలన్నాడు. బకెట్ పట్టేంత లోతు లేకపోతే పెట్టించడం దండగన్నాడు. గొట్టానికి అడుగుకి పావంగుళం వాలు. మెషీను నీళ్లు కూడా అదే గొట్టంలోకి పోవాలంటే రెండంగుళాలది వెయ్యాలి, సన్నదయితే నురగంతా వెనక్కి సింకులోకి ఎక్కుతుంది. చవగ్గా వస్తుందని 202 రకం స్టీలు కొనొద్దన్నాడు. అందులో నికెల్ తక్కువ, ఉప్పుగాలికి చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. 304 మేలు, అదయినా తుడవకుండా వదిలేస్తే మచ్చలు పడుతుందట. రాయిని కాబట్టి ఈ మాట వింటుంటే నాకు కొంచెం గర్వంగానే ఉండింది.

ఎల్‌జీ వాళ్లు 2025 మేలో శ్రీసిటీలో ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. అక్కడ ఏటా ఎనిమిదిన్నర లక్షల వాషింగ్ మెషీన్లు తయారవుతాయని పెద్దాయన పేపర్లో చదివి వినిపించాడు. అవి చేరే ఇళ్లలో బురద లుంగీ జాడించే చోటు ఎక్కడుంటుందో ఫ్లాట్లు కట్టేవాళ్లు ఆలోచిస్తున్నట్టు లేదు. మెషీనుకి ఒక ప్లగ్గూ ఒక కుళాయీ వదిలి, వాష్ ఏరియా అయిపోయిందంటారు.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి కరెంటు పోయింది. మెషీను తలుపు బిగుసుకుపోయి, లోపల తడి బట్టలు అద్దంలోంచి కనిపిస్తూ ఉండిపోయాయి. అప్పుడు పక్కిళ్లవాళ్లు కూడా నా దగ్గరికే వచ్చారు. అత్త ఇప్పటికీ ఆ మాటే ఎత్తుతుంది. "సింకుకి కరెంటుతో ఏం పనత్తా?" అంటుంది కోడలు. నిజమే మరి.

నన్ను ఇటుకల దిమ్మె మీదికెక్కించి, సింకు పక్కన వాలుగా పెడితే రుద్దుకోవడానికి పనికొస్తుందని మేస్త్రీ ఒక ఉపాయం చెప్పాడు. అత్త ఒప్పుకోలేదు.

"నడుమెత్తున బండ పెడితే రుద్దను పనికొస్తాది. బాదేదెట్లా? బొంతలూ దుప్పట్లూ యాడ బాదాల?"

ఆ మాటకి కోడలు కూడా ఎదురు చెప్పలేదు. తడిసిన బొంత బరువుకి ఆ మెషీను గిరగిరా తిరుగుతూ గోడ దాకా నడవడం ఆమె చూసింది.

చివరికి నా చోట సింకు, గ్రిల్లు అవతల కొబ్బరిచెట్టు దగ్గర నేను. మంచినీళ్ల కుళాయి నుంచి నా దాకా పైపు లాగుతారు, జాడించిన నీళ్లు చెట్టు పాదులోకి పోతాయి. పండగ దాటాక పని మొదలన్నాడు మేస్త్రీ. నన్ను లేపడానికి గడ్డపారలూ నలుగురు మనుషులూ కావాలట, ఆ కూలీ వేరే అన్నాడు.

"కూలీ ఇస్తాంలే గానీ, ఈ తూరి అడుగున సిమెంటు గట్టిగా వెయ్యి నాయనా," అంది అత్త. "ఒక మూల ఎప్పుడూ ఊగతానే ఉండాది."