నా కింది చోటు

నాలుగు టేకు కోళ్లు, నాలుగు పట్టెలు, మధ్యలో నవారు. అంతే నేను. బరంపురంలో ఒక తెలుగువాళ్ల ఇంట, మామ్మ కాపురానికొచ్చిన ఏడాది నన్ను చేయించారు. 1936లో ఊరు మద్రాసు నుంచి ఒడిశాకి మారినా ఇంట్లో మాట మారలేదు. లోపల తెలుగు, వీధిలో ఒడియా, గుమ్మంలోకొచ్చిన కుక్కని కసరటానికి రెండూ.

నా మీద పిల్లలు పుట్టారు, పెద్దలు పోయారు. వేసవిలో నన్ను డాబా ఎక్కించి, తెల్ల పంచె పరిచి అప్పడాలు ఎండేసేవారు. బరంపురం అప్పడాలకున్న పేరులో నా నడుం నొప్పికీ వాటా ఉంది. అయితే నా మీద జరిగినవి ఏ మంచమైనా చెబుతుంది. నేను చెప్పేది నా కింద జరిగినవి.

మొదటిది 2013 అక్టోబరు 12 రాత్రి వచ్చింది. ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటుతోంది. గోపాలపూర్ మాకు 16 కిలోమీటర్లు. గంటకు 200 కిలోమీటర్ల గాలి. తీరం పొడుగునా దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించారు. కుక్కల సంగతి కుక్కలు చూసుకోవాలి. పెరటి తలుపు ఒక్కసారి తెరుచుకుని మూసుకునేలోపు ఓ నల్ల కుక్క దూరి, తిన్నగా నా కిందికి వచ్చేసింది. అబ్బాయి కర్ర కోసం వెతుకుతుంటే నా మీద పడుకున్న మామ్మ, “ఉండనీరా, ఈ రాత్రికి దానికీ మనకీ తేడా ఏముంది” అంది. ఆ రాత్రంతా ఆవిడ చెయ్యి పక్కకి వేలాడుతూనే ఉంది. కుక్క ఆ చెయ్యి వాసన కూడా చూడలేదు. తెల్లారి గాలి తగ్గాక లేచి వెళ్లిపోయింది.

మామ్మ పోయాక నన్ను ఎవరికైనా ఇచ్చేద్దామన్నారు. రెండో కోడలు వద్దంది. “కింద చోటుంది కదండీ” అంది. ఆవిడ బళ్లో టీచరు. దెబ్బ తగిలినవీ, దిక్కులేనివీ, మనిషి నీడ పడితే ఒంటేలు పోసేసుకునేవీ అయిన కుక్కల్ని తెచ్చి, రెండు మూడు నెలలు సాకి, ఇల్లు చూసి పంపుతుంది. ఫోనులో దీన్ని ‘ఫోస్టరు’ అంటుంది. పెంచుకోవటం వేరు, సాకి పంపటం వేరు. రెండోదానికి గుండె కొంచెం గట్టిగా ఉండాలి, మంచం కొంచెం ఎత్తుగా ఉండాలి. నా లెక్కకి ఇప్పటికి పద్నాలుగు.

అందులో పొడంపేట కుక్క సంగతి చెప్పాలి.

పొడంపేట రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర. అక్కడి బెస్తల్ని ఒడియావాళ్లు నోళియాలంటారు. వాళ్ల ఇళ్లలో మాట మాత్రం తెలుగే. ఆ ఇసకలోకి దాదాపు ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టటానికి లక్షల్లో వస్తాయి. 2025లో ఆ లెక్క 7 లక్షలకు దగ్గరగా వెళ్లింది. ఒక్కో గుంటలో నూరు గుడ్ల దాకా ఉంటాయి, పిల్లలై బయటికి రావటానికి నెలన్నర పైనే. ఆకలి కుక్కకి అదొక పెళ్లిభోజనం. అందుకని వలలు కడతారు, కాపలా పెడతారు, కర్రలు పడతాయి. తాబేలు పక్షాన చూస్తే కర్రదే న్యాయం. కుక్క పక్షాన చూడటానికి అక్కడ ఎవరూ ఉండరు.

ఇంకో సంగతి, ఆ పాత ఊరిని సముద్రం కోసేసింది. ఇళ్లు గోడలు గోడలుగా కూలాయి, జనం లోపలికి కాలనీకి తరలిపోయారు. వీధికుక్కకి ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలని 2023 నాటి రూల్సు చెబుతాయి. పిచ్చివీ, మీదపడేవీ కాకపోతే అంతేనని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా అంది. టీవీ నా ఎదురుగానే ఉంటుంది కనక విన్నాను. మంచి మాటే. వదలాల్సిన చోటే అలల్లో కలిసిపోతే ఎక్కడ వదలాలో మటుకు టీవీలో ఎవరూ చెప్పలేదు.

ఇసక రంగు ఆడకుక్క. చెవి కొస కత్తిరించి ఉంది, ఆపరేషన్ అయినదానికి ఆనవాలు. చేపల టెంపోలో గోనెసంచి మీద వచ్చింది. దించగానే నా కిందికి పాకి, గోడ మూలకి వీపు ఆనించి, ముక్కు కాళ్లలో దాచేసుకుంది. మూడు రోజులు అన్నం ముట్టలేదు. రాత్రి అందరూ పడుకున్నాక మాత్రం గిన్నె చప్పుడు కాకుండా నీళ్లు తాగేది.

నాలుగో రోజు మనవడు బిస్కెట్ పట్టుకుని నా కిందికి చెయ్యి పెట్టాడు. కరిచింది. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి పరిగెత్తారు. 0, 3, 7, 28 రోజుల లెక్కన సూదులు. “రేపే పంపించెయ్” అన్నాడు అబ్బాయి. “అది బయటికొచ్చి కరిచిందాండీ? చెయ్యే దాని గదిలోకి వెళ్లింది” అంది కోడలు. మనవడు ఏడుస్తూనే తలూపాడు.

జనం ఎక్కడ పొరబడతారో ఇన్నేళ్లుగా కింద నుంచి చూస్తున్నాను. జడిసిన కుక్కకి ప్రేమ చూపించాలనుకుంటారు. వాళ్ల ప్రేమకి చేతులుంటాయి, అవి పైనుంచి తల మీదికొస్తాయి. కళ్లుంటాయి, అవి తిన్నగా కళ్లలోకి చూస్తాయి. కర్ర పట్టినవాడూ అలాగే వచ్చాడు మరి! నేను చేసే పని ఒక్కటే. కదలను. పిలవను. రేపు కూడా ఇక్కడే ఉంటాను. కోడలు ఈ విద్య నా దగ్గరే నేర్చుకుందని నా గర్వం. సాయంత్రం నాకు వీపు తిప్పి నేల మీద కూర్చుని నోటుపుస్తకాలు దిద్దేది. మధ్యమధ్య ఉప్పు కడిగిన ఎండు నెత్తళ్లు ఒక్కొక్కటీ భుజం మీదుగా వెనక్కి విసిరేది. తిరిగి చూసేది కాదు. మొదట్లో నెత్తళ్లు పొద్దుటికి మాయమయ్యేవి. తరవాత గంటకి. తరవాత పడిన వెంటనే.

పేరు పెట్టలేదు. “పెంచుకునేవాళ్లు పెట్టుకుంటారు, మనం పెడితే పంపలేం” అనేది. అన్నం పెట్టేటప్పుడు “ఓయ్” అనేది, అంతే.

ఇరవయ్యో రోజేమో, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం. కోడలు నా మీద ఒరిగి నిద్రపోతోంది, అరచెయ్యి నవారు మీద బోర్లా ఉంది. రెండు పట్టీల సందులోంచి కింద నుంచి తడి ముక్కు ఒకటి పైకొచ్చింది. చేతిని తాకింది, వెనక్కి పోయింది, మళ్లీ వచ్చింది. ఈసారి అక్కడే ఆగింది. ఊపిరికి నవారు వెచ్చబడింది. కోడలికి మెలకువ వచ్చిన సంగతి నాకు తెలుసు, ఆవిడ ఒంట్లో బిగువు మారింది. కళ్లు మాత్రం తెరవలేదు. మర్నాడు “ఓయ్” అనగానే కాళ్లవైపు కోడుకి తోక తగిలింది. టక్. టక్. టేకు మీద తోక దెబ్బ ఎలా ఉంటుందో అంతకుముందు నాకు తెలీదు.

ఆ తరవాత ఠాకురాణి యాత్ర వచ్చింది. రెండేళ్లకోసారి అమ్మవారు పుట్టింటికొచ్చే యాత్ర అది. నేతపని వాళ్ల పెద్ద దేశిబెహరా ఇంటి ఆడపడుచు ఆవిడ. రాత్రుళ్లు డప్పులు, పులివేషాలు. నెల కష్టం ఒక్క రాత్రిలో పోయింది. గదిలో తిరగటం నేర్చినది మళ్లీ మూలకి చేరి, నా కోడు కొరుకుతూ కూర్చుంది. పంటి గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. కోడలు మళ్లీ వీపు తిప్పి కూర్చుంది, మళ్లీ నెత్తళ్లు.

చూడటానికొచ్చిన మొదటాయన, “మొరుగుతుందామ్మా?” అన్నాడు. మొరగదంది. “మరెందుకండీ!” అని కాఫీ తాగి వెళ్లిపోయాడు. రెండోసారి విశాఖపట్నం నుంచి మొగుడూ పెళ్లాం వచ్చారు. గోడ ఎత్తెంత, తలుపు తీసి మరిచిపోయే అలవాటు ఎవరికుంది, అని కోడలు పెళ్లిచూపుల్లో కంటే గట్టిగా అడిగింది. జడుపు కుక్క మొదటి వారంలోనే పారిపోతుందట. మెడకొకటి, ఒంటికొకటి రెండు తాళ్లు కట్టి నడిపించమంది. ఆ అమ్మాయి అన్నిటికీ తలూపి, అడక్కుండానే నాకు వీపు తిప్పి నేల మీద కూర్చుంది. పని అయిపోయిందని నాకు అప్పుడే తెలిసింది.

పంపేటప్పుడు వాసన ఉంటుందని నా పాత నవారులోంచి రెండు బారలు కోసి కారులో వేశారు. నాకు చివుక్కుమంది, కానీ అడిగేదెవరు?

మూడో రోజు రాత్రి ఫోనొచ్చింది. ‘హనీ’ అని పేరు పెట్టారట, పలకటం లేదట. వాళ్లది డబల్ కాటు. కింద నిండా సొరుగులే, కుక్క దూరే చోటు లేదు. మంచమని పేరు పెట్టుకుని కింద చోటు లేకపోవటమేమిటో! డైనింగు టేబులుకి దుప్పటి చుట్టి, నవారు పరిస్తే దాని కిందికి దూరింది, ఇంక బయటికి రాదు. ఏం చెయ్యమంటారండీ అని అడిగింది ఆ అమ్మాయి.

“ఏం చెయ్యకండమ్మా. ఫోను దాని దగ్గర నేల మీద పెట్టండి” అంది కోడలు. నా మీద కూర్చుని, స్పీకరు పెట్టి, గొంతు సవరించుకుని, “ఓయ్” అంది.

చాలాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తరవాత, టేబులు కోడుకి ఏదో తగిలింది. టక్. టక్.