ముందు నన్ను చూడండి

నేను పెట్రోల్ అంబాసిడర్ ఇంజిన్ పక్కన నిలబడే డిస్ట్రిబ్యూటర్‌ని. నాలుగు ప్లగ్గులకు నిప్పు పంచడమే నా బతుకు: ఒకటి, మూడు, నాలుగు, రెండు. పుట్టినప్పటి నుంచి ఈ వరస మారలేదు. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే నా ఇరుసు ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే మెకానిక్ నా ఒంటిని ఒక డిగ్రీ తిప్పితే ఇంజిన్‌లో రెండు డిగ్రీల తేడా వస్తుంది. తాండూరు నుంచి వికారాబాద్ వస్తూ అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు బండి గుంజుతలేదంటే, బానెట్ ఎత్తినవాళ్ల చెయ్యి నేరుగా కార్బురేటర్ స్క్రూ మీదికే పోతుంది. నా లెక్కలో అది తలకిందుల పని. ముందు పాయింట్ గ్యాప్, తర్వాత టైమింగ్, ఆ రెండూ కుదిరాకే కార్బురేటర్.

కారణం చెబుతాను. నిప్పురవ్వ పడగానే సిలిండర్‌లోని పెట్రోల్ ఆవిరంతా ఒక్కసారిగా అంటుకోదు, మంట పాకడానికి కొన్ని మిల్లీసెకన్లు కావాలి. నిమిషానికి 3000 చుట్లు తిరిగే క్రాంక్ ఒక్క మిల్లీసెకనులో 18 డిగ్రీలు జరిగిపోతుంది. కాబట్టి పిస్టన్ పైకి చేరకముందే నేను నిప్పు పంపాలి. నాలోని పాయింట్లు తెరుచుకున్నప్పుడే నిప్పు పుడుతుంది, అందుకే ఎంత ముందు అన్నది అవి తెరుచుకునే క్షణాన్ని బట్టి ఉంటుంది. నా పాయింట్ గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. క్యామ్ మీద రాసుకునే ఫైబర్ మడమ అరిగేకొద్దీ ఆ గ్యాప్ తగ్గి పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి. నన్ను ఎవరూ ముట్టుకోకుండానే టైమింగ్ వెనక్కి పోతుందన్నమాట. తాండూరు నాపరాళ్ల గనుల వైపు దుమ్ము నా క్యాప్ సందుల్లోంచి దూరి క్యామ్ గ్రీజులో కలిస్తే అరుగుదల ఇంకా తొందరగా జరుగుతుంది. టైమింగ్ వెనక్కి పోతే ఐడిలింగ్ పడిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి స్క్రూ బిగిస్తారు. ఇంజిన్ వేడెక్కుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, నింద కార్బురేటర్ మోస్తుంది. తర్వాతెప్పుడో నన్ను సరిచేస్తే ఐడిలింగ్ ఒక్కసారిగా పెరిగి, అంతకుముందు కార్బురేటర్‌కు చేసిన సెట్టింగ్ అంతా వృథా అవుతుంది. టైమింగ్ మారితే కార్బురేటర్ సెట్టింగ్ చెదురుతుంది గానీ, కార్బురేటర్ స్క్రూ తిప్పితే నా గ్యాప్, నన్ను బిగించిన స్థానం మారవు. వరస ఏదో తేల్చడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

చెవి ఉన్న మెకానిక్‌కు ఈ లెక్కలెందుకు, ఘాట్‌లో నాకింగ్ (ఇంజిన్ టకటకలు) వినబడేదాకా టైమింగ్‌ను ముందుకు జరిపి కాస్త వెనక్కి తెస్తే చాలదా అంటారు. ఆ పద్ధతిని నేను చిన్నచూపు చూడను. కానీ చెవికి దొరికేది ఒక వైపు తప్పే. టైమింగ్ వెనక్కి పోయిన ఇంజిన్ చప్పుడు చేయదు, నీరసిస్తుందంతే. పైగా ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోల్‌కు ఆక్టేన్ 95, పాత మామూలు పెట్రోల్‌కు 91. నాకింగ్ ఆలస్యంగా వస్తుంది కాబట్టి, చెవినే నమ్ముకుంటే నన్ను అవసరానికి మించి ముందుకు తిప్పే ప్రమాదం ఉంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉన్నందువల్ల మిశ్రమం పలచబడుతుంది కదా, మరి కార్బురేటర్‌ను ముట్టుకోవద్దా అంటే, ముట్టుకోవాలి. ఆ మాట నిజమే, జెట్ మార్చాల్సి రావచ్చు. అయితే నా గ్యాప్, టైమింగ్ సరిగా ఉన్నాయని తేలకుండా లోపం జెట్‌లో ఉందని ఎలా చెబుతారు?

మాన్యువల్‌లో రాసిన డిగ్రీ పాతకాలంది, ఈ పెట్రోల్‌కు పనికిరాదనే వాదన కూడా ఉంది. ఆ డిగ్రీ ఆఖరి మాట కాదు, మొదలుపెట్టే చోటు మాత్రమే. వాక్యూమ్ పైపు తీసి, ఒకటో నంబర్ ప్లగ్గు వైరుకు టైమింగ్ లైట్ తగిలించి, ఐడిలింగ్‌లో టైమింగ్ మార్కు చూడండి. తర్వాత రేస్ ఇవ్వండి. వేగం పెరిగేకొద్దీ నా కడుపులోని బరువులు స్ప్రింగులను లాగి టైమింగ్‌ను ముందుకు జరపాలి, లైట్ కింద మార్కు కదలాలి. కదలకుండా అక్కడే ఉందంటే బరువులు తుప్పుపట్టి బిగుసుకున్నట్టే. అప్పుడు నన్ను ఎటు తిప్పినా లాభం లేదు, విప్పాల్సిందే.